ఈ వాగు నీళ్ళు దేనికి పనికొస్తాయి?

“ఈ వాగు నీళ్ళు మంచివేనా?” అని ఎవరైనా అడిగితే అవుననో కాదనో వెంటనే చెప్పలేం. దేనికి మంచివి అన్నది ముందు తేలాలి. తాగడానికా, స్నానానికా, చేపలు బతకడానికా, పొలం పారించుకోవడానికా? వరి మడికి సరిపోయే నీరు పసిబిడ్డ గ్లాసులో పోయడానికి సరిపోదు.

ఈ సంగతి మన పెద్దలకు కొత్త కాదు. చాలా ఊళ్ళలో మంచినీళ్ళ చెరువు వేరు, పశువులు దిగే చెరువు వేరు. ఏటి ఒడ్డున చాకిరేవు, నీళ్ళు ముంచుకునే రేవుకు దిగువన ఉండాలన్నది తెలిసిన మాటే. ఏ నీటికి ఏ పని అని ఊరు ఒక కట్టుబాటు పెట్టుకునేది. నేటి పర్యావరణ చట్టాలు చేస్తున్నదీ దాదాపు అదే. ప్రతి వాగుకు, ప్రతి నదికి ఒక పని నిర్ణయించి, ఆ పనికి నీరు సరిపోతోందో లేదో కొలిచి చూడమంటాయి.

అయితే ఆ ఊరి కట్టుబాటు అందరినీ ఒకేలా కాపాడలేదు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగిన ఘోరం ఒక చెరువు గట్టు మీదే మొదలైంది. దళితులు తాగునీరు పట్టుకునే చెరువులో పశువుల మురికి కలుపుతుంటే వారు అభ్యంతరం చెప్పారు. మరునాడు వారి వాడ మీద దాడి జరిగింది. ఆరుగురు దళితులు హతులయ్యారు. ఆ చెరువు తమకు తాగునీరు అని వారు అన్నారు. కాదు, అది పశువులు కడుక్కునే నీరే అన్నట్టు అవతలివారు ప్రవర్తించారు. నీటికి పని నిర్ణయించడం లాబొరేటరీ సంగతి మాత్రమే కాదని గుర్తుంచుకోవడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఐదు తరగతులు

మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదులను, వాగులను వాటి వాడకాన్ని బట్టి ఐదు తరగతులుగా విభజించింది. ఒకే నీటిని పలు పనులకు వాడుతున్నప్పుడు, వాటిలో అన్నిటికంటే శుభ్రమైన నీరు ఏ పనికి కావాలో దానినే ఆ నీటికి ‘నిర్దేశిత ఉత్తమ వినియోగం’ అంటారు. ఆ పనికి సరిపడితే తక్కిన పనులకు సాధారణంగా ఇబ్బంది ఉండదు.

‘ఎ’ తరగతి: పెద్దగా శుద్ధి చేయకుండా, క్రిములను చంపి తాగదగ్గ నీరు. వంద మిల్లీలీటర్లలో మొత్తం కోలిఫాం బ్యాక్టీరియా 50కి మించకూడదు. లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ కనీసం 6 మిల్లీగ్రాములు ఉండాలి. బీఓడీ 2 మిల్లీగ్రాములు దాటకూడదు.

‘బి’ తరగతి: బహిరంగ స్నానానికి తగిన నీరు. కోలిఫాం 500 లోపు, ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా, బీఓడీ 3 లోపు.

‘సి’ తరగతి: వడపోసి, శుద్ధి చేసి, క్రిములను చంపిన తర్వాత తాగునీరుగా ఇవ్వగలిగింది. కోలిఫాం 5,000 వరకు ఉండవచ్చు. ఆక్సిజన్ కనీసం 4, బీఓడీ 3 లోపు.

‘డి’ తరగతి: చేపలకు, వన్యప్రాణులకు. ఆక్సిజన్ కనీసం 4, స్వేచ్ఛా అమ్మోనియా 1.2 మిల్లీగ్రాముల లోపు.

‘ఇ’ తరగతి: సేద్యానికి, పరిశ్రమల్లో యంత్రాలను చల్లబరచడానికి. ఇక్కడ ప్రధానంగా చూసేది ఉప్పదనం, సోడియం పాలు, బోరాన్.

ఈ ఐదింటిలో ‘బి’ తరగతి మన సంఘాలకు దగ్గరగా తగిలేది. పారే నీటిలో ముంచి బాప్తిస్మమిచ్చే ఆచారం ఉన్న సంఘాలు తెలుగునాట వేలాదిగా ఉన్నాయి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చట్టం భాషలో చెప్పాలంటే అది ‘బహిరంగ స్నానం’ కిందికి వచ్చే వాడకం. తల ముంచినప్పుడు నీరు కళ్ళలోకి, ముక్కులోకి, నోటిలోకి పోతుంది. అందుకే స్నానానికి కోలిఫాం హద్దు అంత కచ్చితంగా పెట్టారు.

కొలవడం ఎలా?

కోలిఫాం అనేవి మనుషుల, పశువుల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా జాతులు. మట్టిలోనూ కొన్ని ఉంటాయి. అవి అన్నీ జబ్బు చేయవు. కానీ అవి ఎక్కువగా కనబడితే మలం కలిసే దారి ఉందని, కలరా, టైఫాయిడ్ వంటి వాటి క్రిములూ అదే దారిన రాగలవని అనుమానించాలి.

కరిగిన ఆక్సిజన్ నీటిలోని ప్రాణుల ఊపిరి. 30 డిగ్రీల వేడిలో శుభ్రమైన నీరు కూడా లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌నే పట్టుకోగలదు. కాబట్టి మన ఎండాకాలంలో ‘ఎ’ తరగతికి కావలసిన 6 మిల్లీగ్రాములు నిలబడాలంటే నీరు నిజంగా శుభ్రంగా ఉండాలి.

బీఓడీ అంటే నీటిలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు ఖర్చుపెట్టే ఆక్సిజన్. నమూనాను సీసాలో పోసి, 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు చీకట్లో ఉంచి, ఎంత ఆక్సిజన్ తగ్గిందో చూస్తారు. ఎక్కువ తగ్గిందంటే మురికి ఎక్కువ ఉన్నట్టు. మామూలు ఇళ్ళ మురుగునీటిలో ఈ అంకె 200 నుంచి 300 దాకా ఉంటుంది. స్నానపు నీటికి 3 దాటకూడదు.

ఎప్పుడు కొలిచారన్నది ఎంత కొలిచారన్నంత ముఖ్యం. పశ్చిమ గోదావరిలోనో కొల్లేరు చుట్టుపక్కలో చేపల చెరువులు చేసేవారిని అడగండి. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయని చెబుతారు. పగలు నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. మురుగు ఎరువుగా మారి నాచు పెరిగిన వాగులోనూ ఇంతే. మధ్యాహ్నం రెండు గంటలకు నమూనా తీస్తే బ్రహ్మాండంగా కనబడిన వాగు, తెల్లవారుజామున నాలుగు గంటలకు చేపలను చంపుతూ ఉండవచ్చు.

రుతువుల సంగతీ అంతే. ఆగస్టులో వాగు నిండుగా పారుతుంటే మురికి పలచబడి బీఓడీ తగ్గుతుంది. ఏప్రిల్‌లో వాగులో మురుగు తప్ప మరేమీ ఉండదు. కోలిఫాం లెక్క మాత్రం తొలకరి వానలకు పెరగవచ్చు, ఒడ్డున ఉన్న మలమూ పెంటా అప్పుడే కొట్టుకొస్తాయి గనుక. ఏడాది సగటు ఒక్కటే చూస్తే ఈ చెడ్డ నెలలు అందులో కనబడకుండా పోతాయి. నీటి జాతీయ పర్యవేక్షణలో కొన్ని చోట్ల నెలకోసారి, కొన్ని చోట్ల మూడు నెలలకోసారి నమూనాలు తీస్తారు. నివేదిక చదివేటప్పుడు సగటును కాదు, అత్యంత చెడ్డ అంకెను, అది ఏ నెలదో చూడాలి.

సరిపోవడం లేదు సరే, సరిపోగలదా?

ఇక్కడ రెండు ప్రశ్నలు విడివిడిగా చూడాలి. నిర్ణయించిన పనికి ఈ నీరు ఇవాళ సరిపోతోందా అన్నది మొదటిది. సరిపోకపోతే, బాగుచేస్తే ఎప్పటికైనా సరిపోగలదా అన్నది రెండోది. మొదటి దానికి సీసా, ల్యాబ్ చాలు. రెండో దానికి జవాబు చెప్పడంలోనే అసలు పేచీ ఉంది. “ఈ వాగు ఇక బాగుపడదు” అని ఒకసారి రాసుకుంటే దాని తరగతి దిగిపోతుంది. తరగతి దిగిపోతే నిన్నటిదాకా తప్పు అయిన కాలుష్యం నేటినుంచి తప్పు కాకుండా పోతుంది.

ఈ రెండో ప్రశ్నకు అమెరికాలో ఒక పద్ధతి ఏర్పరచారు. అక్కడి 1972 నాటి పరిశుభ్ర జల చట్టం దేశంలోని నీరంతా చేపలకు, ఈతకు తగినట్టు ఉండాలని లక్ష్యం పెట్టింది. ఏదైనా రాష్ట్రం ఫలానా నదికి అది సాధ్యం కాదనాలంటే, శాస్త్రీయంగా పరిశీలన చేసి చూపించాలి. చెప్పదగిన కారణాలు ఆరే: సహజంగానే ఆ నీటిలో హానికర పదార్థం ఉండడం, వాగులో నీరు సహజంగానే కొద్ది కాలమే పారడం, మనుషులు చేసిన నష్టం సరిదిద్దలేనిది కావడం, లేదా సరిదిద్దబోతే ఇంకా ఎక్కువ చెరుపు జరగడం, ఆనకట్టలు, మళ్ళింపులు, లోతు, అడుగు నేల వంటి సహజ స్థితిగతులు, బాగుచేసే ఖర్చు ఆ ప్రాంత ప్రజల బతుకునే విస్తృతంగా దెబ్బతీసేంత కావడం.

దీనికి తోడు ఒక గట్టి షరతు ఉంది. 1975 నవంబరు 28న గానీ ఆ తర్వాత గానీ ఆ నీరు నిజంగా ఏ పనికి సరిపోయిందో, ఆ పనిని ఏ కారణం చెప్పీ తీసివేయడానికి వీల్లేదు.

షికాగో నది ఈ పరీక్షకు పేరుపడ్డ ఉదాహరణ. ఆ నగరం తన తాగునీటి సరస్సులో మురుగు కలవకుండా 1900లో నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పింది. మురుగు దిగువ ఊళ్ళ వైపు పోయింది. తర్వాత దశాబ్దాల పాటు ఆ నదిలో చాలా భాగాన్ని మనుషులు దిగని నీరుగానే లెక్కగట్టారు. శుద్ధి కేంద్రాల నుంచి వచ్చే నీటిలో క్రిములను చంపనక్కర్లేదన్నారు. చంపాలంటే ఖర్చు భారీగా అవుతుందని అక్కడి నీటి సంస్థ చాలా ఏళ్ళు వాదించింది. కానీ మనుషులు అప్పటికే చిన్న పడవలు వేసుకుని ఆ నీటిలో తిరుగుతున్నారు. 2011లో కేంద్ర పర్యావరణ సంస్థ, ఆ భాగాలకు తరగతి పెంచాలని తేల్చింది. 2015, 2016లలో రెండు పెద్ద శుద్ధి కేంద్రాల్లో క్రిమిసంహారం మొదలైంది. 2025 సెప్టెంబరులో, దాదాపు వంద ఏళ్ళ తర్వాత, అనుమతితో ఆ నదిలో ఈత పోటీ జరిగింది. సాధ్యం కాదన్న పని సాధ్యమైంది.

మూసీని ఈ కొలతతో చూస్తే

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, హైదరాబాద్ గుండా పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు వరద తర్వాత నగరాన్ని కాపాడేందుకు ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అవి నగరానికి తాగునీరిచ్చాయి. అంటే ఒకే నది ఎగువన తాగునీరు, కొద్ది మైళ్ళ దిగువన మురుగు. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 కలుషిత నదీభాగాలను గుర్తించింది. బీఓడీ 30 దాటిన అత్యంత చెడ్డ వర్గంలో మూసీ ఉంది. 2022 నివేదికలో దేశవ్యాప్తంగా ఈ భాగాలు 311కి తగ్గాయి.

మూసీ స్నానానికి తగినట్టు కాగలదా? ఒక చిన్న లెక్క వేద్దాం. మురుగును శుద్ధి చేసి బీఓడీ 10కి తెచ్చారనుకోండి. ఎగువ నుంచి బీఓడీ 1 ఉన్న మంచి నీరు వచ్చి కలుస్తుందనుకోండి. కలిసిన నీరు 3కి రావాలంటే ఒక లీటరు శుద్ధి నీటికి మూడున్నర లీటర్ల మంచి నీరు కావాలి. శుద్ధి 30 దగ్గరే ఆగితే పదమూడున్నర లీటర్లు కావాలి. శుద్ధే చేయకుండా 250 బీఓడీతో వదిలితే 123 లీటర్లు దాటి కావాలి. ఎండాకాలం మూసీలో ఆ మంచి నీరు ఎక్కడిది? ఎగువన జలాశయాలు ఆపేశాయి. నదికి పారుతూ తనను తాను శుభ్రం చేసుకునే గుణం కొంత ఉంది. గాలి నుంచి ఆక్సిజన్ తీసుకుంటుంది, సూక్ష్మజీవులు మురికిని తింటాయి. కానీ పోయేకొద్దీ కొత్త మురుగు కలుస్తుంటే ఆ గుణం ఎంత పని చేయగలదు?

ఈ లెక్క చూసి ఇద్దరు రెండు రకాలుగా మాట్లాడవచ్చు. “నీరే లేదు, కాబట్టి దీన్ని మురుగు కాలువగా ఒప్పుకుందాం” అనేది ఒక మాట. “ఇక్కడ శుద్ధి కేంద్రం వదిలే నీరే నది, కాబట్టి ఆ నీరే నదికి కావలసినంత శుభ్రంగా ఉండాలి” అనేది రెండో మాట. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో శుద్ధి కేంద్రం ఉంది. అలాంటివి మరికొన్ని ఉన్నాయి. వచ్చే మురుగంతా వాటికి చేరాలి, అవి నిజంగా పనిచేయాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2018 సెప్టెంబరులో ఆ 351 భాగాలూ కనీసం స్నానానికి తగినట్టు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. మూసీకి మినహాయింపు ఇవ్వలేదు. అది రెండో మాట వైపు మొగ్గినట్టే.

దిగువన ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. మూసీ నీటితో వరి, పశువుల గడ్డి పండిస్తున్నారు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు నగరానికే వస్తాయి. ‘ఇ’ తరగతి చాలుననుకున్నా, ఆ పొలంలో దిగి నాట్లు వేసే ఆడవాళ్ళు మోకాలి లోతున ఆ నీటిలోనే నిలబడతారు. వారిది సేద్యమా, స్నానమా?

అంకెలు చూడనివి

తరగతుల పట్టికలో లేని విషాన్ని తరగతి పట్టుకోలేదు. దీనికి పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు సాక్ష్యం. 1970ల నుంచి అక్కడ మందుల, రసాయనాల పరిశ్రమలు వెలిశాయి. వ్యర్థాలు నక్కవాగులోకి, దాని నుంచి మంజీరలోకి చేరాయి. వాగు ఒడ్డు గ్రామాల బాధ 1990లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. రైతులకు పరిహారం, గ్రామాలకు మంచినీరు ఇవ్వాలన్న ఆదేశాలు వచ్చాయి. 2007లో స్వీడన్ పరిశోధకులు, సుమారు 90 మందుల సంస్థల వ్యర్థాలను శుద్ధి చేసే అక్కడి ఉమ్మడి కేంద్రం వదిలే నీటిని పరీక్షించారు. లీటరులో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అలాంటి నీటిలో మందులకు లొంగని క్రిములు తయారవుతాయి. ఐదు తరగతుల్లో ఏదీ యాంటీబయాటిక్‌ను కొలవమనదు. 2020 జనవరిలో కేంద్రం మందుల పరిశ్రమల వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్‌లకు హద్దులు ప్రతిపాదించింది. 2021 తుది నియమాల్లో అవి లేవు.

కాబట్టి పట్టికలో పాసయిందంటే ఆ నాలుగైదు విషయాల్లో పాసయిందనే అర్థం. ఎగువన ఏమి తయారవుతోందో తెలుసుకుని, దానిని కూడా కొలవమని అడగాలి.

మనం చేయగలిగింది

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ‘ప్రవాహం’ అనే మాటకు ఇచ్చిన అర్థం విశాలమైనది. నది, వాగు, భూగర్భజలం అన్నీ అందులోకి వస్తాయి. ప్రస్తుతానికి ఎండిపోయి ఉన్న వాగు కూడా వస్తుంది. రాష్ట్రంలోని జలాలను వర్గీకరించే పని కూడా ఆ చట్టం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి అప్పగించింది. కనుక “అది ఎండిన వాగే కదా” అని లారీలతో వ్యర్థాలు వదిలేవారికి చట్టంలో చోటు లేదు.

మీ ఊరి పక్క వాగు గురించి రాష్ట్ర మండలిని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నాలుగు ప్రశ్నలు చాలు. ఈ వాగుకు ఏ వినియోగం నిర్ణయించారు? దగ్గరలో నమూనా తీసే చోటు ఎక్కడ? గత రెండేళ్ళలో నెలవారీ అంకెలు ఏమిటి? ఎగువన ఎవరికి వ్యర్థ జలాలు వదిలే అనుమతి ఉంది?

అడిగేముందు ఇంకో పని ఉంది. దానికి ల్యాబ్ అక్కర్లేదు. ఆ వాగును ఎవరు దేనికి వాడుతున్నారో రాసిపెట్టండి. బట్టలుతికేవారు, గొర్రెలను తోలుకొచ్చేవారు, చేపలు పట్టేవారు, ఇసుకలో చెలమ తీసి బిందె నింపుకునేవారు, బాప్తిస్మానికి వచ్చే సంఘం, వేసవిలో దూకే పిల్లలు. తేదీతో, ఫోటోతో, ఊరివారి సంతకాలతో. ఈ వాడకాలు ఏ కాగితంలోనూ లేనందువల్లే “ఆ నీటిని ఎవరూ వాడరు” అని తేలిగ్గా రాసేస్తుంటారు. అలా రాసేటప్పుడు ముందుగా లెక్కలోంచి పోయేది వాడ చివర ఇళ్ళవారే, ఇంటికి కుళాయి లేనివారే.

యువజన కూటానికి ఈ వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం చాలు. నోటుపుస్తకం పట్టుకుని వాగు వెంట ఒక మైలు ఎగువకు, ఒక మైలు దిగువకు నడవండి. కనబడినదంతా రాసి పంచాయతీలో ఒక ప్రతి ఇచ్చి, రసీదు తీసుకోండి.